హిప్పో మార్గం, రాతినార, రేకుల కప్పు: ఆధారాలు ఎంతవరకు చెబుతున్నాయి?

సారాంశం

కణాల విభజనకు హద్దు పెట్టే వ్యవస్థల్లో హిప్పో సంకేత మార్గం ముఖ్యమైనది. పండ్ల ఈగల్లో బయటపడిన ఈ మార్గం మనిషి కణాల్లోనూ దాదాపు అదే అమరికలో ఉంది. ఇది చెడిపోవడానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఎన్నో అవయవాల్లో పరిశీలించారు. రోగుల కణితుల్లోని జన్యు మార్పులు, జంతు ప్రయోగాలు, మందుల తొలి పరీక్షలు, ఈ మూడూ ఒకే దిక్కు చూపుతున్న వ్యాధుల్లో ముందు చెప్పుకోవలసింది మెసోథీలియోమా. రాతినార ధూళి పీల్చినవారిలో, ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. రాతినారనే ఆస్బెస్టాస్ అంటున్నాం. దాన్ని కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వారు. అది కలిసిన సిమెంటు రేకులను రాష్ట్రమంతటా ఇళ్లకూ పశువుల కొట్టాలకూ కప్పారు. హిప్పో మార్గం మీద పనిచేసే మందులు ఆశ కలిగిస్తున్నాయి గానీ వాటి ప్రయోజనం ఇంకా రుజువు కాలేదు. ధూళిని ఆపితే జబ్బును ఆపవచ్చన్నది మాత్రం ఎప్పుడో రుజువైంది. ఈ రెండింటి మధ్య తేడాను ఆధారాలతో విడదీసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

అవయవం ఎక్కడ ఆగుతుంది?

కాలేయ మార్పిడి కోసం బతికున్న దాత తన కాలేయంలో సగానికి పైగా ఇవ్వవచ్చు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఇలాంటి శస్త్రచికిత్సలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. దాతలో మిగిలిన ముక్క కొన్ని నెలల్లో ఇంచుమించు పాత పరిమాణానికి పెరుగుతుంది. పెరగడం కన్నా ఆశ్చర్యం కలిగించేది అది ఆగడం. ఆ కణాలకు ఆహారం, ప్రాణవాయువు, విభజన శక్తి అన్నీ ఇంకా ఉంటాయి. అయినా ఒక కొలత దగ్గర ఆగిపోతాయి. ఈ ఆగడం వెనుక ఉన్న సంకేతాల్లో ఒకటి హిప్పో మార్గం.

దాని నడక ఇలా ఉంటుంది. కణంలో హిప్పో అనే ఎంజైము సాల్వడార్ అనే తోడు ప్రోటీన్‌తో కలిసి వార్ట్స్ అనే మరో ఎంజైముకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. మాట్స్ అనే ప్రోటీన్ తోడుగా వార్ట్స్ చురుకై, యార్కీ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు అంటిన యార్కీ కణకేంద్రకంలోకి వెళ్లలేక బయటే నిలిచిపోతుంది. ఫాస్ఫేటు లేని యార్కీ లోపలికి వెళ్లి, స్కాలప్డ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, విభజనను ప్రోత్సహించే జన్యువులనూ కణమరణాన్ని అడ్డుకునే జన్యువులనూ పనిలోకి దింపుతుంది. మనిషిలో హిప్పోకు బదులు ఎమ్‌ఎస్‌టీ1, ఎమ్‌ఎస్‌టీ2 ఉంటాయి. వార్ట్స్ స్థానంలో ల్యాట్స్1, ల్యాట్స్2, యార్కీ స్థానంలో వైఏపీ, ట్యాజ్, స్కాలప్డ్ స్థానంలో టీడ్ కుటుంబానికి చెందిన నాలుగు ప్రోటీన్లు ఉంటాయి.

కృష్ణా డెల్టా రైతుకు దీన్ని కాలువ లాకులతో పోల్చి చెప్పవచ్చు. లాకు తలుపులు దించితే నీరు పొలానికి చేరదు, ఎత్తితే పారుతుంది. వైఏపీ ఇక్కడ నీరు, కణకేంద్రకం పొలం, హిప్పో నుంచి ల్యాట్స్ దాకా ఉన్న వరస లాకు తలుపు. అంటే హిప్పో మార్గం పనిచేస్తున్నంత సేపూ పెరుగుదల అదుపులో ఉంటుంది. అది ఆగితేనే కణం విభజనకు దిగుతుంది. ఈ సంగతి గుర్తుంటే ముందు చెప్పబోయే ప్రయోగాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

తలుపు దించమని చెప్పేది ఒక్క హార్మోనో ఒక్క పోషకమో కాదు. పక్క కణం ఎంత దగ్గరగా ఒరిగి ఉంది, కణం కూర్చున్న నేల గట్టిదా మెత్తదా, కణం సాగి ఉందా ముడుచుకుని ఉందా అన్న భౌతిక వివరాలు కూడా ఈ మార్గాన్ని కదిలిస్తాయి. గట్టి ఉపరితలం మీద పరచుకున్న కణాల్లో వైఏపీ కేంద్రకంలో చేరుతుందనీ, మెత్తని ఉపరితలం మీద బయటే ఉంటుందనీ ఇటలీలో స్టెఫానో పిక్కోలో బృందం 2011లో చూపింది. కణపొర దగ్గర ఉండి ఇలాంటి కబుర్లను లోపలికి చేర్చే ప్రోటీన్లలో ఒకటి మెర్లిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎన్‌ఎఫ్2. ఈ వ్యాసంలో కీలకం ఈ జన్యువే.

ఈగ కంటిలో కనిపించిన సాక్ష్యం

వార్ట్స్ జన్యువును 1995లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి. 2002లో సాల్వడార్, 2003లో హిప్పో బయటపడ్డాయి. హిప్పోను ఒకే ఏడాది పలు ప్రయోగశాలలు స్వతంత్రంగా గుర్తించాయి. ఇస్వర్ హరిహరన్, జార్జ్ హాల్డర్, డువోజియా పాన్ నడిపిన బృందాలు వాటిలో ఉన్నాయి. తొలినాటి సాల్వడార్, హిప్పో పరిశోధనల్లో మధురి కాంగో సింగ్ పేరు కూడా కనిపిస్తుంది. యార్కీని 2005లో పాన్ బృందం కనుగొంది. ఒకే విషయాన్ని ఇన్ని చోట్ల ఇంతమంది వేర్వేరుగా తేల్చడం ఈ రంగానికి గట్టి పునాది వేసింది.

ఈ జన్యువుల పనిని బయటపెట్టిన ప్రయోగం తీరు దగ్గరగా చూడదగినది. ఈగ లార్వాలో ఒక కణం రెండుగా చీలేటప్పుడు, ఒక పిల్లకణానికి మంచి జన్యువు ప్రతులు రెండూ, రెండోదానికి చెడిన ప్రతులు రెండూ చేరేలా చేయవచ్చు. రెండూ ఒకే క్షణంలో పుట్టిన జంట. రెండింటికీ ఒకే తిండి, ఒకే వయసు, ఒకే చోటు. ఒక్కో కణం సంతతి ఒక మచ్చగా పెరుగుతుంది. రంగు గుర్తు ఉండటంవల్ల పెద్దదైన ఈగ కంటిలో ఏ మచ్చ ఏ కణం నుంచి వచ్చిందో తెలుస్తుంది. జన్యువుకు పెరుగుదలతో పని లేకపోతే రెండు మచ్చలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. హిప్పో చెడిన మచ్చ మాత్రం పక్కనున్న తన జంటను మించి విపరీతంగా పెరుగుతుంది. చనిపోవలసిన కణాలు కూడా అందులో మిగిలిపోతాయి. తిండి ఎక్కువైంది, వేడి ఎక్కువైంది లాంటి ఇతర కారణాలకు ఇందులో చోటు లేదు. తేడా ఒక్క జన్యువులోనే ఉంది.

ఈగలో నిజమైనది మనిషిలోనూ నిజమని వెంటనే అనడానికి లేదు. దీనికీ ఒక పరీక్ష చేశారు. హిప్పో లేని ఈగకు మనిషి ఎమ్‌ఎస్‌టీ2 ఇస్తే అది లోటు పూడ్చింది. యార్కీ లేని చోట మనిషి వైఏపీ ఆ పని చేయగలిగింది. కోట్ల ఏళ్ల కిందట దారులు వేరైన రెండు జీవుల్లో ఒకదాని భాగం మరోదానిలో పనిచేసిందంటే, ఈ అమరిక ప్రాణులకు ఎంత అవసరమో ఊహించవచ్చు.

కాలేయం చెప్పినది, చెప్పనిది

2007లో పాన్ బృందం ఎలుక కాలేయంలో మాత్రమే, కోరినప్పుడు మాత్రమే వైఏపీ ఎక్కువయ్యేలా చేసింది. కొన్ని వారాల్లో కాలేయం మామూలు కన్నా సుమారు 5 రెట్లు పెరిగింది. వైఏపీ ఆపగానే తగ్గుముఖం పట్టింది. ఎక్కువ కాలం నడిపితే కణితులు పుట్టాయి. అవయవ పరిమాణానికీ క్యాన్సర్‌కూ మధ్య ఒకే మార్గం ఉందని ఈ ప్రయోగం చూపింది. హిప్పో మార్గానికి శాస్త్ర ప్రపంచంలో వచ్చిన పేరులో ఎక్కువ భాగం దీని నుంచే వచ్చింది.

అయితే ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. వైఏపీని పెంచితే అవయవం పెరుగుతుందా అన్నది ఒకటి. మామూలుగా పెరిగే అవయవం తన కొలతను వైఏపీ ద్వారానే తెలుసుకుంటుందా అన్నది మరొకటి. మొదటిదానికి అవునని జవాబు వచ్చింది. రెండోదానికి కూడా అవుననే చాలామంది ఏళ్ల తరబడి అనుకున్నారు. 2022లో హాల్డర్ బృందమే ‘సైన్స్’ పత్రికలో దీన్ని ప్రశ్నించింది. ఈగ అవయవాల్లోనూ ఎలుక కాలేయంలోనూ మామూలు పెరుగుదలకు ఈ ప్రోటీన్లు పెద్దగా అవసరం లేదనీ, అసహజంగా చురుకైనప్పుడే ఇవి అసహజమైన పెరుగుదలను నడుపుతాయనీ వారు చూపారు. తమ రంగం గట్టిగా నమ్మిన మాటను ఆ రంగాన్ని నిర్మించినవారే పరీక్షకు పెట్టారు. ఈ ఫలితం నిలబడితే వైద్యానికి మేలే. మామూలు కణాలకు పెద్దగా అవసరం లేనిదీ, కణితికి అవసరమైనదీ అయితే, దాన్ని అడ్డుకునే మందు కణితికే ఎక్కువ దెబ్బ కొట్టవచ్చు. ఇది తర్కం మాత్రమే. నిజమో కాదో రోగుల మీద పరీక్షలే చెప్పాలి.

మెర్లిన్ విషయంలోనూ ఇలాంటి భేదాభిప్రాయం వచ్చింది. ఎలుక కాలేయంలో ఎన్‌ఎఫ్2 తీసేస్తే పెరిగే కణితులకు వైఏపీయే కారణమని 2010లో ఒక బృందం చూపింది. అదే ఏడాది మరో బృందం అదే జన్యువును కాలేయంలో తీసేసి, కారణం వేరే సంకేత మార్గమని వాదించింది. ఒక జన్యువు చేసే పని ఒక్కటే అయివుండాలని లేదు. మెర్లిన్ పోయిందంటే పోయింది హిప్పో అదుపు ఒక్కటేనని అనుకోవడం తొందరపాటు అవుతుంది.

రాతినార పోగు నుంచి కణితి దాకా

రాతినారకూ మెసోథీలియోమాకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం ముందుంచినది దక్షిణాఫ్రికా. 1960లో వాగ్నర్, స్లెగ్స్, మార్షాండ్ అక్కడి కేప్ ప్రాంతపు గనుల చుట్టుపక్కల నుంచి 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో గని కార్మికులతో పాటు, గనుల దగ్గర నివసించడం తప్ప ఆ పని చేయనివారు కూడా ఉన్నారు. 1965లో లండన్‌లో జరిగిన పరిశీలనలో, రాతినార కార్మికుల ఇళ్లలో ఉంటూ వారి బట్టల ధూళికి గురైనవారిలోనూ ఈ జబ్బు కనిపించింది. జబ్బు బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. ధూళి పీల్చిన రోజుకూ ఆయాసం మొదలైన రోజుకూ మధ్య ఒక తరం గడిచిపోతుంది.

ఇన్నేళ్లలో కణం లోపల ఏం జరుగుతుంది? సన్నని పోగులు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి, కొన్ని పై పొరకు చేరుతాయి. రక్షక కణాలు వాటిని మింగబోయి మింగలేక, ఏళ్ల తరబడి వాపు రేపుతాయి. ఆ రసాయన తాకిడికి పొర కణాల జన్యుపదార్థం తెగుతుంది, ముక్కలు పోతాయి. 1995లో పరిశోధకులు మెసోథీలియోమా కణాల్లో ఎన్‌ఎఫ్2 జన్యువు చెడి ఉండటాన్ని గుర్తించారు. ఆ తర్వాతి పరిశీలనల్లో సుమారు మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కణితుల్లో ఈ జన్యువు దెబ్బతిని కనిపించింది. కొన్నింటిలో ల్యాట్స్2 కూడా పోయింది. ఎన్‌ఎఫ్2 ఒక ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలకు రాతినార ఎక్కించినప్పుడు, మామూలు ఎలుకల కన్నా త్వరగా కణితులు వచ్చాయి. ఆ కణితుల్లో మిగిలిన ఒక్క ప్రతి కూడా పోయింది. రోగిలో కనిపించిన మార్పును ఎలుకలో కావాలని చేస్తే జబ్బు వేగం పెరిగిందన్నమాట. కేవలం పక్కపక్కన ఉండటానికీ కారణం కావడానికీ ఉన్న తేడాను ఇలాంటి ప్రయోగాలే చెబుతాయి.

దీనికి ఎదురు నిలిచే ఆధారాలూ ఉన్నాయి, వాటిని దాటవేయకూడదు. పుట్టుకతోనే ఎన్‌ఎఫ్2 లోపం ఉన్నవారికి ప్రధానంగా వచ్చేవి చెవి నరం మీద గడ్డలు, మెదడు పొర గడ్డలు. మెసోథీలియోమా వారిలో సాధారణం కాదు. కాబట్టి ఈ జన్యువు పోవడం ఒక్కటే సరిపోదు. మెసోథీలియోమాలో బీఏపీ1, సీడీకేఎన్2ఏ అనే ఇతర జన్యువులు కూడా తరచుగా చెడుతాయి. ఒకే కణితిని పలు చోట్ల ముక్కలు తీసి జన్యువులు చదివిన 2021 నాటి ఒక పరిశోధన, బీఏపీ1 నష్టం తొలి దశలోనూ ఎన్‌ఎఫ్2 నష్టం తర్వాతి దశలోనూ జరిగే ధోరణిని చూపింది. హిప్పో అదుపు తప్పడం కణితిని పుట్టించడం కన్నా, పుట్టినదాన్ని దూకుడుగా మార్చడంలో ఎక్కువ పాత్ర వహిస్తుండవచ్చు.

పులివెందుల గనులు, డెల్టా రేకులు

కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో, బ్రాహ్మణపల్లె ప్రాంతంలో దొరికింది క్రైసోటైల్ రకం రాతినార. వేంపల్లె సున్నపురాతి పొరల్లోకి అగ్నిశిల చొచ్చుకు వచ్చిన అంచుల్లో అది ఏర్పడింది. రాతి పగుళ్లలో మెత్తని తెల్లని పోగుల్లా ఉంటుంది. దేశంలో రాతినార గనులకు కేంద్రం 1986లో కొత్త లీజులు ఆపింది, 1993లో పాత లీజుల పునరుద్ధరణ కూడా ఆపింది. తవ్వకం తగ్గినా వాడకం ఆగలేదు. విదేశాల నుంచి దిగుమతి అయిన క్రైసోటైల్‌తో సిమెంటు రేకుల తయారీ కొనసాగింది.

లెక్క వేసి చూడండి. 1985లో గనిలోనో మిల్లులోనో పనిచేసిన వ్యక్తికి జబ్బు రావలసి ఉంటే, 20 నుంచి 50 ఏళ్ల వ్యవధి ప్రకారం అది 2005కూ 2035కూ మధ్య బయటపడుతుంది. అప్పటికి గని మూతపడి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు, హాజరు పుస్తకం దొరకదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు ముందే గ్రహించింది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో 1995 జనవరి 27న తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యాయమూర్తి కె. రామస్వామి ఆ తీర్పు రాశారు. కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని అది చెప్పింది. కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగం మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిసిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు జీవశాస్త్రాన్ని చట్టం ఇంత సూటిగా పట్టించుకోవడం అరుదు.

ఇక గనులకు దూరంగా, రేకులు మాత్రమే ఉన్న చోటికి ఉదాహరణగా వేమూరును చూద్దాం. తెనాలి, రేపల్లె రైలు దారిలో ఉన్న ఈ ఊరు కృష్ణా పశ్చిమ డెల్టాలోది. 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉండి, తర్వాత బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇక్కడికి గని దుమ్ము రాదు. ఇక్కడ రాతినార కనిపించేది రేకు రూపంలో. తాటాకు ఇల్లు నిప్పుకు భయం, ఏడాది రెండేళ్లకోసారి కప్పాలి. ఇనుప రేకు సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, ఎండకు కాలిపోతుంది. సిమెంటు రేకుకు తుప్పు లేదు, చవక. పేదవాడి ఇంటికీ గొడ్ల సావిడికీ కోళ్ల షెడ్డుకూ అది ఎక్కడానికి తగిన కారణాలే ఉన్నాయి. రేకుల కింద ఉన్నవారిని తప్పుపట్టవలసిన పని లేదు.

రేకులో రాతినార బరువులో సుమారు పదో వంతుకు మించదు, మిగతాది ఎక్కువగా సిమెంటు. పోగులు సిమెంటులో గట్టిగా ఇరుక్కుని ఉంటాయి. పగలని, కోయని రేకు నుంచి గాలిలోకి వచ్చే పోగులు చాలా తక్కువ. పైగా మెసోథీలియోమా కలిగించే శక్తి అన్ని రకాల రాతినారకూ ఒకటే కాదు. హాడ్జ్‌సన్, డార్న్‌టన్ 2000లో వేసిన అంచనాలో క్రైసోటైల్ ప్రమాదం 1 అనుకుంటే, గోధుమ రకానికి 100, నీలి రకానికి 500. ఈ నిష్పత్తుల మీద వాదన ఉంది. అయితే క్రైసోటైల్‌తో సహా అన్ని రకాలూ మనిషిలో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ నిర్ధారణ కాలేదు. అయినా పగలని రేకు కింద నిద్రపోతున్నందుకు ఎవరూ అంతగా భయపడనక్కర్లేదు. రేకును కోసేవాడు మాత్రం జాగ్రత్త పడి తీరాలి.

ఆ కోత ఎలా ఉంటుందో చూస్తే విషయం తెలుస్తుంది. కొలత ప్రకారం రేకు పొడవు తగ్గించాలంటే ఇప్పుడు కరెంటు కటింగ్ మిషను పెడుతున్నారు. చక్రం తిరిగే వేగానికి సిమెంటు పొడిగా లేచి, కోసేవాడి ముఖం చుట్టూ తెల్లని పొగలా కమ్ముకుంటుంది. ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుంటారు. కంటికి కనిపించే పొడి దానికి అంటుకుంటుంది. కంటికి కనిపించనంత సన్నని పోగులు దాని నేతలోంచి లోపలికి వెళ్తాయి. పని అయ్యాక చీపురుతో ఊడుస్తారు, కింద పడినది మళ్లీ లేస్తుంది. హుక్కుల కోసం డ్రిల్లుతో బెజ్జాలు వేసేటప్పుడూ ఇదే జరుగుతుంది. తుఫాను తర్వాత ఈ పని ఎక్కువవుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివాన తర్వాత పగిలిన రేకులు ఏరేటప్పుడు, ముక్కలు గుంటల్లో వేసి తొక్కేటప్పుడు, కొత్తవి కోసేటప్పుడు ఊరిలో ధూళి లేస్తుంది.

మందులు ఎక్కడిదాకా వచ్చాయి

మెసోథీలియోమాకు రెండు దశాబ్దాలుగా ప్రధాన మందు పెమెట్రెక్సెడ్. సిస్‌ప్లాటిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 9.3 నెలల నుంచి 12.1 నెలలకు పెరిగిందని 2003లో ప్రచురితమైన పరీక్ష చూపింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని కణవిభజనను ఆపే మందుల కుటుంబం ఇది. ఆ కుటుంబంలో తొలి మందులు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారయ్యాయి. తర్వాత రోగనిరోధక వ్యవస్థను లేపే రెండు మందుల జంట వచ్చింది. 605 మందితో జరిగిన పరీక్షలో మధ్యస్థ ఆయుర్దాయం 14.1 నుంచి 18.1 నెలలకు పెరిగిందని 2021లో తేలింది. ఇవి విలువైన లాభాలే. కానీ నెలల్లోనే ఉన్నాయి.

హిప్పో మార్గంలో నేరుగా తగిలే మందు వెతకడం కష్టమైంది. చెడింది తలుపు. లేని మెర్లిన్‌ను మందు తిరిగి తేలేదు. అందుకని దిగువన ఉన్న వైఏపీ, టీడ్ కలయికను విడదీయాలని చూశారు. 2012లో వెర్టెపోర్ఫిన్ అనే కంటి మందు ఈ పని చేస్తుందని ప్రకటించారు. తర్వాతి ప్రయోగాల్లో అది వైఏపీతో సంబంధం లేని దారుల్లోనూ కణాలను దెబ్బతీస్తుందని తేలింది. కణం చచ్చినంత మాత్రాన మనం అనుకున్న కారణానికే చచ్చిందని చెప్పలేమని ఈ అనుభవం నేర్పింది.

2015లో సింగపూర్‌లో అజయ్‌బాబు పొబ్బాటి, వాంజిన్ హాంగ్ బృందం టీడ్ ప్రోటీన్ మధ్యలో ఒక లోతైన గూడు ఉందనీ, ఫ్లుఫెనమిక్ ఆమ్లం అనే పాత నొప్పి మందు అందులో ఇముడుతుందనీ చూపింది. మరుసటి ఏడాది, మామూలుగా ఆ గూటిలో ఒక కొవ్వు ఆమ్లం అతుక్కుని టీడ్‌కు స్థిరత్వం ఇస్తుందని ఇతరులు తేల్చారు. మందు పట్టగల చోటు దొరికింది. నొప్పి మాత్రలు క్యాన్సర్‌ను తగ్గిస్తాయని దీనికి అర్థం కాదు. ఆ పాత మందు పట్టు చాలా బలహీనం. ఈ ఫలితం చూసి ఎవరూ అలాంటి మాత్రలు మింగకూడదు.

ఆ గూటి కోసం ప్రత్యేకంగా రూపొందించిన మందుల్లో ఒకటి వీటీ3989. ముందుగా ఇదే కోవకు చెందిన అణువులు, ఎన్‌ఎఫ్2 లోపించిన మెసోథీలియోమా పెంచిన ఎలుకల్లో కణితిని అణిచాయి. మనుషుల మీద తొలి దశ పరీక్ష ఫలితాలను 2023లో అమెరికా క్యాన్సర్ పరిశోధకుల సభలో తిమోతీ యాప్ ప్రకటించారు. ఇతర చికిత్సలు విఫలమైన కొందరు మెసోథీలియోమా రోగుల్లో కణితి కుదించుకుపోయింది. మూత్రంలో ప్రోటీన్ పోవడం ముఖ్యమైన దుష్ప్రభావంగా కనిపించింది, మందు ఆపితే తగ్గింది. మరో సంస్థ ఇదే లక్ష్యంతో తెచ్చిన ఐకే-930 అభివృద్ధిని 2024లో నిలిపేశారు. తొలి దశ పరీక్ష ముఖ్యంగా భద్రతను, మోతాదును చూస్తుంది. పోల్చడానికి వేరే చికిత్స పొందిన బృందం అందులో ఉండదు. ఆయువు పెరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరకదు.

ఏది ఎంత గట్టిది?

ఈగల్లో, ఎలుకల్లో హిప్పో మార్గం తెగితే కణాలు అదుపు తప్పుతాయన్నది గట్టి ఆధారం. మెసోథీలియోమాలో ఆ మార్గం తరచుగా చెడుతుందన్నదీ గట్టిదే. అది జబ్బుకు మూలకారణమా, తర్వాతి మలుపా అన్నది ఇంకా తేలవలసినది. టీడ్‌ను అడ్డుకునే మందు కొందరిలో కణితిని కుదిస్తుందన్నది తొలి సూచన.

ఈ ఫలితాలను అన్ని క్యాన్సర్లకూ అంటగట్టకూడదు. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమాను చూడండి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల దీనికి చికిత్స చేస్తారు. ఆ కణితిలో వైఏపీ అసలు పనిచేయకుండా మూతపడి ఉంటుందనీ, తిరిగి తెరిస్తే కణితికే నష్టమనీ 2021లో రాడ్ బ్రెమ్నర్ బృందం చూపింది. మెసోథీలియోమాలో శత్రువైన ప్రోటీన్ రెటినోబ్లాస్టోమాలో లేకుండా పోయి ఉంటుంది. గుండె కండరంలోనూ ఇదే చిక్కు. గుండెపోటు తర్వాత హిప్పో పట్టును సడలిస్తే కండర కణాలు మళ్లీ విభజన చెందుతాయని ఎలుకల్లో, పందుల్లో చూశారు. అక్కడ కావలసింది వైఏపీని లేపడం. క్యాన్సర్‌లో కావలసింది అణచడం. ఏ అవయవం, ఏ జబ్బు, ఎంతకాలం అన్నవి చెప్పకుండా హిప్పో మీద మందు మంచిదని అనడంలో అర్థం లేదు.

చేయదగినవి

ఇన్ని సందేహాల మధ్య ఒక విషయంలో సందేహం లేదు. పోగు లోపలికి వెళ్లకపోతే ఈ కథ మొదలుకాదు. ఎన్‌ఎఫ్2 ముందు చెడుతుందా, తర్వాత చెడుతుందా అన్నది తేలేదాకా ధూళిని ఆపడానికి ఆగనక్కర్లేదు.

రేకులు వేసేవారు కోయవలసిన గీత మీద ముందు బాగా నీళ్లు పోయాలి. కరెంటు మిషనుకు బదులు చేతి రంపం వాడాలి. వీలైతే కోత అవసరం లేని కొలతలోనే రేకులు కొనాలి. తుండుగుడ్డ చాలదు, సన్నని కణాలను పట్టే ఫిల్టరు మాస్కు ముఖానికి బిగుతుగా ఉండాలి. పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పాత రేకులకు రంగు వేసేముందు ఇనుప బ్రష్షుతో గీకకూడదు. పగిలిన ముక్కలను తడిపి, సంచుల్లో కట్టి పూడ్చాలి. దారి గుంటలకూ పునాదులకూ వాడకూడదు. పని బట్టలు విడిగా, తడిపి ఉతకాలి. పొగ తాగడం మెసోథీలియోమాకు కారణం కాదు గానీ, రాతినార పీల్చినవారు పొగ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లవుతుంది. వారు పొగ మానేయడం తప్పనిసరి.

వైద్యులకు ఒక విన్నపం. మన ప్రాంతంలో ఛాతీలో నీరు చేరితే మొదట గుర్తొచ్చేది క్షయ. అది సహజమే, సరైనదే. అయితే నడివయసు దాటిన మనిషికి ఆ నీరు మళ్లీ మళ్లీ వస్తుంటే, క్షయ ఆధారం దొరకకపోతే, పాతికేళ్ల కిందట ఏం పని చేసేవారని ఒక్క మాట అడగాలి. గనిలోనా, రేకుల ఫ్యాక్టరీలోనా, రేకులు కోసే పనిలోనా అని. పొర ముక్క తీసి, ప్రత్యేక రంగు పరీక్షలు చేస్తేనే మెసోథీలియోమా తేలుతుంది. అలా తేలిన ప్రతి రోగి పని చరిత్ర క్యాన్సర్ రిజిస్ట్రీకి చేరాలి. పేర్లు నమోదుకాని జబ్బుకు నష్టపరిహారమూ రాదు, మందుల పరీక్షల్లో చోటూ రాదు.

ప్రభుత్వం చేయవలసింది ఇంకా స్పష్టం. పులివెందుల ప్రాంతంలో రాతినార గనుల్లో, మిల్లుల్లో పనిచేసినవారిని వెతికి, వారికి ఉచితంగా ఛాతీ పరీక్షలు చేయాలి. 1995 తీర్పు కోరిన రికార్డులు ఎక్కడున్నాయో చూడాలి. తుఫాను సాయంలో కొత్త కప్పు ఇచ్చేటప్పుడు రాతినార లేని రేకులే ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య 2005 నుంచి రాతినారను నిషేధించింది. అక్కడా వేడి ఉంది, వాన ఉంది, పేదలు ఉన్నారు, ఇళ్లకు కప్పులూ ఉన్నాయి.

హిప్పో మార్గం మీద పరిశోధన కొనసాగాలి, మన ప్రయోగశాలల్లోనూ జరగాలి. టీడ్ మందులు రేపు గట్టి పరీక్షలో నెగ్గితే, వాటి అవసరం పడేవారిలో 1980లలో పులివెందుల గనిలో దిగినవారు, ఈ ఏడాది వేమూరు పక్కన మాస్కు లేకుండా రేకు కోసినవారు ఉండవచ్చు. మొదటివారికి మందు అందేలా చూడటం వైద్యం పని. రెండోవారికి దాని అవసరమే రాకుండా చూడటం మన చేతిలో ఉంది. దానికి కావలసిన ఆధారాలు 1960 నుంచీ మన ముందే ఉన్నాయి.